వరండాలో అడిగిన ప్రశ్న

2011 జూలై ఆఖర్లో మన దేశంలో చాలా పత్రికలు ఒకే వార్త వేశాయి. ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కుంగుబాటు భారతీయులకేనట, నూటికి 36 మందికట. ఇలాంటి వార్త వస్తే కారణాలు చెప్పేవాళ్ళకు కొదవుండదు. ఉమ్మడి కుటుంబాలు పోయాయని ఒకరు, చదువుల పోటీ అని ఒకరు, సెల్‌ఫోన్లని ఇంకొకరు చెబుతూనే ఉంటారు. పట్టిక తీసి చూసేవాళ్ళు మాత్రం తక్కువ.

ఆ వార్తకు మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థ చొరవతో 18 దేశాల్లో జరిగిన సర్వే. అందులో భారతదేశం అంటే పుదుచ్చేరి ఒక్కటే. పట్టికలో 36 అనే అంకె ఉన్న మాట నిజమే, కానీ అది జనాభాలో నూటికి 36 కాదు. ముందుగా అడిగే ఒకటి రెండు ప్రశ్నలకు 'అవును' అన్నవాళ్ళు మొత్తంలో నాలుగో వంతు. ఆ నాలుగో వంతులో, మిగతా ప్రశ్నలన్నీ అడిగాక జబ్బు ఉందని తేలినవాళ్ళు 36 శాతం. గుణిస్తే జనాభాలో 9 శాతం. పుదుచ్చేరిలో జీవితంలో ఎప్పుడో ఒకసారి కుంగుబాటు బారిన పడినవాళ్ళు నూటికి తొమ్మిది మందన్నమాట. అదే సర్వేలో సంపన్న దేశాల సగటు 14.6, మిగతా దేశాల సగటు 11.1. అంటే మనం రెండింటికీ కిందే ఉన్నాం. పక్క గడిలో అంకె చదివి దేశం మొత్తాన్ని దిగులు దేశం చేసేశారు.

విలేకరులను ఆడిపోసుకోవటానికి ఇది చెప్పటం లేదు. నాలుగో వంతు మందే మొదటి గడప ఎందుకు దాటారన్నది నాకు ఆసక్తి. దేశాల మధ్య తేడాలని మనం చదివేవాటిలో చాలా భాగం ఆ మొదటి గడప దగ్గరే పుడుతుంది.

ఒంగోలు నుంచి చీమకుర్తి మీదుగా పడమరకు పోతే పొదిలి వస్తుంది. పొగాకు, కంది, మిరప, పత్తి పండే మెట్ట నేల. చాలా పల్లెల్లో బోరు నీళ్ళలో ఫ్లోరైడు. వానలు మొహం చాటేస్తే కుటుంబాలకు కుటుంబాలు హైదరాబాదుకో బెంగళూరుకో పనులకు పోయే ప్రాంతం. ఇక్కడ నూటికి ఎంతమందికి మానసిక వ్యాధులున్నాయో చెప్పాలంటే ఎవరో ఒకరు వచ్చి అడిగి ఉండాలి. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో జరిగింది. 12 రాష్ట్రాల్లో 34,802 మంది పెద్దవాళ్ళను ఇళ్ళకు వెళ్ళి అడిగారు. ఆ పన్నెండింటిలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ కూడా లేదు. తర్వాత 2017 సంవత్సరానికి కట్టిన మరో లెక్కలో దేశంలో 19.7 కోట్ల మందికి, అంటే ప్రతి ఏడుగురిలో ఒకరికి ఏదో ఒక మానసిక వ్యాధి ఉందని, కుంగుబాటు తమిళనాడు, కేరళ, తెలుగు రాష్ట్రాల వైపు ఎక్కువని వచ్చింది. అది ఇల్లిల్లూ తిరిగి అడిగింది కాదు. దొరికిన సమాచారాన్ని గణిత నమూనాలో వేసి, దొరకని చోట్లకు సాగదీసి తీసిన అంచనా.

సరే, సర్వే బృందం నిజంగానే పొదిలి పక్క పల్లెకు వచ్చిందనుకుందాం. ఫిబ్రవరి నెల. మిరపకాయలు కల్లాల్లో ఎండుతున్నాయి. ఇంటాయన పొలంలో ఉన్నాడు. చేతిలో ట్యాబుతో వచ్చిన అమ్మాయికి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఇంటి కోడలు గడపలో కూర్చుంది. పక్కనే అత్త తాలుకాయలు ఏరుతోంది. ఎవరో కొత్తమనిషి వచ్చిందని ఎదురింటావిడ కూడా వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడింది.

"గడిచిన రెండు వారాలుగా, దాదాపు రోజూ, రోజులో ఎక్కువసేపు దిగులుగా, కుంగిపోయినట్టుగా ఉంటోందా అక్కా?"

కోడలు ఒకసారి అత్త వైపు చూస్తుంది. "దిగులేముందమ్మా, బాగానే ఉండాం."

"మామూలుగా మీకు ఇష్టమైన పనుల మీద ఆసక్తి తగ్గిందా?"

"ఇష్టమేందమ్మా, పని పనే గదా, చేస్తానే ఉండాం."

రెండిటికీ 'లేదు'. ట్యాబులో ఆ విభాగం అక్కడితో మూసుకుంటుంది. నిద్ర పడుతోందా, అన్నం సయిస్తోందా, బతుకు మీద విరక్తి పుడుతోందా అనే ప్రశ్నలు తెర మీదకే రావు. ఇది నడిపేవాళ్ళ నిర్లక్ష్యం కాదు, పరికరం తయారైందే అలా. ఇంటికి అరగంటలో డజను జబ్బుల గురించి అడగాలంటే గడప దగ్గరే వడపోయక తప్పదు. కోడలు లెక్కలో ఆరోగ్యవంతురాలిగా చేరిపోతుంది. నిజంగానే ఆరోగ్యంగా ఉండి ఉండవచ్చు కూడా. చిక్కేమిటంటే, ఉన్నా లేకపోయినా ఆ వరండాలో జవాబు అదే.

ఇక ప్రపంచ పటం చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చొరవతోనే 14 దేశాల్లో ఒకే ప్రశ్నావళితో జరిగిన సర్వే ఫలితాలు 2004లో వచ్చాయి. గడచిన ఏడాదిలో ఏదో ఒక మానసిక వ్యాధి ఉన్నవాళ్ళు షాంఘైలో 4.3 శాతం, నైజీరియాలో 4.7, అమెరికాలో 26.4. చైనావాళ్ళకంటే అమెరికావాళ్ళు ఆరు రెట్లు ఎక్కువ బాధపడుతున్నారా? తక్కువ అంకెలు వచ్చిన చోట జనం మనసు విప్పి చెప్పి ఉండరని ఆ పరిశోధకులే అనుమానించారు. సర్వే చేసేవాడు ప్రభుత్వ మనిషో కాదో తెలియని చోట, రేషన్ కార్డుకో పిల్ల పెళ్ళికో ఈ జవాబు అడ్డం వస్తుందేమోనన్న భయం ఉన్న చోట, ఒక 'అవును'కు చాలా ఖరీదు ఉంటుంది. అమెరికాలో ఏ డెట్రాయిట్‌లోనో అంత ఖరీదు లేదు.

దేశాల దాకా ఎందుకు, మన దేశంలోనే చూడండి. 1960ల నుంచి రకరకాల బృందాలు చేసిన సర్వేల్లో మానసిక వ్యాధులు వెయ్యికి 9.5 దగ్గర మొదలై వెయ్యికి 370 దాకా పోయాయి. అంత తేడా వ్యాధిలోనే ఉందంటే నమ్మటం కష్టం. ఆ 9.5 అనేది 1964లో సూర్య అనే పరిశోధకుడు పుదుచ్చేరిలో చేసిన సర్వేది. 2011 నాటి వార్తకు మూలమైన సర్వేలో నూటికి తొమ్మిది, అంటే వెయ్యికి తొంభై మందికి ఒక్క కుంగుబాటే ఉందని తేలిందీ ఆ పుదుచ్చేరిలోనే. ఒకటి ఆ రోజుకున్న జబ్బుల లెక్క, ఇంకొకటి జీవితకాలపు లెక్క, నిజమే. కానీ అసలు విషయం అది కాదు. మొదటి తరం సర్వేల్లో ఊళ్ళో అందరికీ తెలిసిన తీవ్రమైన పిచ్చి, మూర్ఛ, బుద్ధిమాంద్యమే ప్రధానంగా లెక్కకు ఎక్కేవి. తనలో తాను కుమిలిపోతూ వంట చేసుకుంటున్న మనిషిని ఎవరూ లెక్క వెయ్యలేదు. జల్లెడ కన్నం మారింది, అంతే. 1998లో రెడ్డి, చంద్రశేఖర్ అనే పరిశోధకులు ఇలాంటి 13 సర్వేలను గుదిగుచ్చితే వెయ్యికి 58 వచ్చింది. జాతీయ సర్వేలో ప్రస్తుతం ఉన్నవాళ్ళే నూటికి 10.6.

ఆ జాతీయ సర్వేలోనే ఇంకో అంకె ఉంది, దాని మీద ఎవరూ పెద్దగా మాట్లాడరు. జీవితంలో ఎప్పుడైనా వ్యాధి వచ్చినవాళ్ళు 13.7 శాతం. ఇప్పుడే 10.6 మందికి ఉంటే, బతికిన బతుకంతా కలిపి ఇంకో మూడు శాతమేనా? ఇరవై, ముప్పై ఏళ్ళ కిందట ఆర్నెల్లు మంచం దిగని సంగతి మనిషి మర్చిపోతాడు. కాకపోతే 'పచ్చకామెర్లు వచ్చినప్పుడు' అని ఇంకో పేరుతో గుర్తు పెట్టుకుంటాడు. న్యూజిలాండ్‌లోని డునెడిన్ అనే ఊళ్ళో 1972-73లో పుట్టిన 1,037 మంది పిల్లలను పట్టుకుని, కొన్నేళ్ళకోసారి పిలిచి అడుగుతూ వస్తున్నారు. వాళ్ళకు 45 ఏళ్ళు వచ్చేసరికి, ఏదో ఒక దశలో మానసిక వ్యాధి లక్షణాలు పూర్తిగా కనబడినవాళ్ళు 86 శాతం. ఆ ఊరివాళ్ళకు మతులు పోయాయని కాదు. మరుపు రాకముందే అడిగారు, అదీ మళ్ళీ మళ్ళీ అడిగారు. జ్వరం రాని మనిషి ఉండడు, దానికి మనం ఆశ్చర్యపోం.

ఇంతకీ వరండాలో 'బాగానే ఉండాం' అన్న కోడలు బాధ ఏమైపోతుంది? అది ఆర్‌ఎంపీ దగ్గరకు పోతుంది. పొదిలి వైపు ఏ సందులోని చిన్న క్లినిక్‌లో కూర్చున్నా, ఒక పూటలో ఈ మాటలు ఎన్నిసార్లో చెవిన పడతాయి: నీరసం, గుండెదడ, తలదిమ్ము, అరికాళ్ళ మంటలు, ఒంట్లో తిమ్మిర్లు, అన్నం సయించటం లేదు, తెల్లవారుజామున మూడింటికే మెలకువ. "ఒక బాటిలు ఎక్కించండి సారూ, కాస్త ఓపికొస్తది." బాటిలెక్కుతుంది, అందులోకి పసుపుపచ్చ బీ కాంప్లెక్సు ఎక్కుతుంది, నిద్రమాత్ర కాగితంలో చుట్టి ఇస్తారు. ఇంట్లోవాళ్ళు కూడా దీన్ని కాదనరు. సెలైన్ ఎక్కించుకున్న మనిషికి ఆ పూట పని తప్పుతుంది, ఎవరో ఒకరు అన్నం వండి పెడతారు. ఆ గౌరవం దిగులుకు లేదు.

దీన్ని చూసి, మనవాళ్ళకు దుఃఖం ఒంట్లోకి దిగుతుందనీ, పడమటి దేశాలవాళ్ళకు మనసులోనే ఉంటుందనీ ఒక సిద్ధాంతం చాలాకాలం నడిచింది. 1980లో ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు చైనాలోని హునాన్‌లో, 'నరాల బలహీనత' అని చీటీ రాసిన 100 మందిని కూర్చోబెట్టి మాట్లాడితే 87 మందికి కుంగుబాటు లక్షణాలు సరిగ్గా సరిపోయాయి. నరాల బలహీనత అనేది మనకూ కొత్త మాట కాదు, గోడల మీద ప్రకటనలే సాక్ష్యం. కానీ ఆ సిద్ధాంతానికి 1999లో గట్టి దెబ్బే తగిలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 14 దేశాల్లో 15 చోట్ల, మామూలు జబ్బులకు మామూలు డాక్టర్ల దగ్గరకు వచ్చినవాళ్ళను పరీక్షించింది. మన బెంగళూరు కూడా అందులో ఉంది. కుంగుబాటు ఉన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది డాక్టరుతో ఒంటి బాధలే చెప్పారు. అదీ ఒక్క ఆసియాలో కాదు, పరీక్షించిన అన్ని ఖండాల్లోనూ. చోటును బట్టి అది 45 నుంచి 95 శాతం దాకా మారింది. ఆ తర్వాత వాళ్ళను విడిగా, నేరుగా మనసు సంగతి అడిగారు. అప్పుడు కూడా దిగులు లేదన్నవాళ్ళు 11 శాతమే. అంటే మనసులో మాట లేక కాదు, డాక్టరు దగ్గర ఏ మాటకు మందు దొరుకుతుందో జనానికి తెలుసు కాబట్టి. అరికాళ్ళ మంటలంటే మందు దొరుకుతుంది.

అయితే, అంతా అడిగే తీరులోనే ఉంది, అసలు జబ్బుల్లో తేడాలే లేవు అనేస్తే అది ఇంకో రకం తొందరపాటు.

స్కిజోఫ్రీనియాను తీసుకుందాం. 1960ల్లో న్యూయార్క్ ఆస్పత్రుల్లో ఈ జబ్బు లండన్ కంటే చాలా ఎక్కువగా కనిపించేది. ఒకే రోగి వీడియోను రెండు చోట్లా డాక్టర్లకు చూపిస్తే గుట్టు బయటపడింది: జబ్బు కాదు, చీటీ రాసే అలవాటు వేరు. ఆ గొడవ సద్దుమణిగాక ప్రపంచ ఆరోగ్య సంస్థ పది దేశాల్లో, మన చండీగఢ్‌లోనూ దాని చుట్టుపక్కల పల్లెల్లోనూ, ఒకే కొలతతో కొత్త రోగులను లెక్కగట్టింది. 1992లో వచ్చిన ఆ ఫలితాల్లో, కచ్చితమైన నిర్వచనం వాడినప్పుడు ఏడాదికి లక్షకు 7 నుంచి 14 మంది. డెన్మార్క్‌లోనూ చండీగఢ్ చుట్టుపక్కల పల్లెల్లోనూ దరిదాపు ఒకే వరస. ఈ జబ్బును వరండాలో దాచటం కష్టం కదా, అందుకే కొలతలు దగ్గరకొచ్చాయి. కానీ తర్వాత వచ్చిన అధ్యయనాలు అంత సాఫీగా లేవు. కరీబియన్ దీవుల నుంచి ఇంగ్లండుకు వలస వెళ్ళినవాళ్ళలో, వాళ్ళ పిల్లల్లో ఈ జబ్బు అక్కడి తెల్లవాళ్ళకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వాళ్ళు వదిలి వచ్చిన దీవుల్లో అంత లేదు. కాబట్టి రక్తంలో ఉన్నది కాదు, పరాయిచోట పరాయివాడిగా బతకటంలో ఏదో ఉంది. యుద్ధాలూ అంతే. అవి నడుస్తున్న ప్రాంతాల్లో ఏ సమయంలో చూసినా ఐదుగురిలో ఒకరికి మానసిక వ్యాధి ఉంటుందని 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క తేల్చింది. మన జాతీయ సర్వేలో ఒకే పరికరంతో అడిగినా అస్సాంలో 5.8 శాతం, ఆ పక్కనే దశాబ్దాల తుపాకీ మోతల మధ్య బతికిన మణిపూర్‌లో 14.1. ఇందులో అడగటం ఎంత, బతుకు ఎంత అని తెగ్గొట్టి చెప్పటం కుదరదు. బతుకు వాటా సున్నా అని మాత్రం నేను నమ్మను.

పొదిలి వైపు స్కిజోఫ్రీనియా వచ్చిన మనిషి ముందుగా సైకియాట్రిస్టును చూడడు. గాలి సోకిందంటారు, తాయెత్తు కడతారు, నెల్లూరు జిల్లాలోని ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయి నిద్ర చేయిస్తారు. హిందువులైనా ముస్లిములైనా అంతే. తిరిగి తిరిగి డబ్బులు అయిపోయాక ఒంగోలో గుంటూరో గుర్తొస్తుంది. జాతీయ సర్వే లెక్కలో, వైద్యం అవసరమై అందనివాళ్ళు జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం. ప్రశ్న ఎలా అడిగినా, జల్లెడ ఏదైనా ఈ అంకె పెద్దగా కిందికి దిగదు. దేశాల మధ్య పోల్చదలచుకుంటే నేను మొదట చూసేది దీన్నే.

జబ్బులను లెక్కపెట్టటం కష్టమని కొందరు చావులను లెక్కపెడతారు. ఈ ప్రాంతానికి ఆ లెక్క కొత్త కాదు. 1980ల మొదట్లో గుంటూరు, ప్రకాశం పత్తి చేలలోకి సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు వచ్చాయి. మొదటి రెండు మూడేళ్ళు పురుగు మాయమైంది. అతిగా కొట్టిన మందులకు పురుగును తినే పురుగులు కూడా పోయాయి, వాటి జాగాలో తెల్లదోమ విరుచుకుపడింది. అప్పు, మందు, సలహా మూడూ ఒకే కొట్లో దొరికే ఏర్పాటు. దోమ చావకపోతే ఇంకో మందు, దానికి ఇంకో అప్పు. 1987-88లో పంట పూర్తిగా పోయింది, ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. వరంగల్ పేరు దేశమంతా మోగటానికి అప్పటికింకా పదేళ్ళుంది.

చావుల లెక్క జబ్బుల లెక్క కాదు, రెండు కారణాల వల్ల. ఒకటి, రాసే చెయ్యి. 2022లో జాతీయ నేర గణాంకాల ప్రకారం ఆత్మహత్యలు దేశంలో లక్షకు 12.4, సిక్కింలో 43.1, బీహార్‌లో 0.6. బీహార్ అంత సంతోషంగా ఉందంటే బీహారీలే నవ్వుతారు. మన దగ్గర కాగితం మీద 'కడుపునొప్పి తాళలేక' అనే మాట ఎన్ని ఇళ్ళ పరువు కాపాడుతుందో జిల్లా పేజీ చదివేవాళ్ళందరికీ తెలుసు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, ప్రయత్నించి బతికినవాళ్ళను నేరస్థులుగా కాక తీవ్ర ఒత్తిడిలో ఉన్నవాళ్ళుగా చూడమంది. అయినా స్టేషన్ భయం పోవటానికి చట్టం ఒక్కటే చాలదు.

రెండోది, అందుబాటులో ఏముందన్నది. శ్రీలంకలో 1995 ప్రాంతంలో ఆత్మహత్యలు లక్షకు 47 దాకా పోయాయి, ప్రపంచంలోనే అతి ఎక్కువ ఉన్న దేశాల్లో ఒకటి. ఆ ఏడాది అతి విషపూరితమైన పురుగుమందుల మీద ఆంక్షలు పెట్టారు, 1998లో ఎండోసల్ఫాన్‌ను ఆపేశారు. 2005 నాటికి ఆ సంఖ్య 24కు పడిపోయింది. ఆ పదేళ్ళలో అంతర్యుద్ధం ముగిసిపోలేదు, తాగుడు తగ్గలేదు, లంకేయుల దిగులు సగానికి తగ్గిందని ఎవరూ అనలేదు. ఒక గంట ఆవేశంలో చేతికి అందేది మారింది, అంతే. ఆ గంట దాటితే తర్వాత చాలామంది బతుకుతారు. అందుకే మెట్ట రైతు ఇంట్లో మందు డబ్బా పడక పక్కన ఉందా, తాళం వేసిన చోట ఉందా అన్నది నా దృష్టిలో ఏ సర్వే ప్రశ్నకూ తీసిపోదు. మాట్లాడే మనిషి కావాలంటే 2022 అక్టోబర్ నుంచి టెలి-మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక అడగటం మారితే ఏమవుతుందో చూడటానికి న్యూజిలాండ్ దాకా పోనక్కరలేదు. అప్పటి పశ్చిమ గోదావరి జిల్లా గిరిజన గ్రామాల్లో జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఒక ప్రయోగం చేశారు. కొత్తవాళ్ళను పంపలేదు. ఊళ్ళో కాన్పులకు, టీకాలకు తిరిగే ఆశా కార్యకర్తల చేతికే ట్యాబు ఇచ్చారు. అంతకు ముందే ఊరి మధ్యన నాటకాలు, వీడియోలు వేసి, ఈ జబ్బుల గురించి మాట్లాడటం సిగ్గు కాదని చెప్పారు. సుమారు ఐదు వేల మందిని అడిగితే 238 మంది దగ్గర కుంగుబాటో ఆందోళనో ఉన్నట్టు తేలింది. వాళ్ళను ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపారు, వెళ్ళారో లేదో ఆశా మళ్ళీ ఇంటికి పోయి కనుక్కునేది. మొదట్లో అలాంటివాళ్ళలో వైద్యం దాకా వెళ్ళినవాళ్ళు 0.8 శాతం. ఆఖరుకు 12.6 శాతం.

వందలో పన్నెండు మందేనా అనిపించవచ్చు. నాకు మాత్రం పొదిలి ఆరోగ్య కేంద్రం రిజిస్టరు కళ్ళ ముందు మెదులుతుంది. ఇలాంటి పని అక్కడ మొదలైన ఏడాది, కాగితం మీద మండలంలో మానసిక వ్యాధులు పది రెట్లు పెరిగినట్టు కనిపిస్తాయి, పై అధికారి ఫోన్ చేసి ఏం జరుగుతోందని అడుగుతాడు. అప్పుడైనా సర్వే అంటూ చేస్తే, ఆడవాళ్ళను ఆడవాళ్ళే, తలుపు లోపల అడగాలి. ఫిబ్రవరిలో కాయ కల్లంలో ఉన్నప్పుడు ఒకసారి, జూన్‌లో విత్తనాల అప్పు కోసం కొట్ల చుట్టూ తిరిగేటప్పుడు ఇంకోసారి అడగాలి. రెండుసార్లూ ఒకే అంకె వస్తుందని నేను అనుకోను.